ట్యాంకు మీది అంకెకు ఆర్‌సీలో చోటివ్వండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,



రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ తన 120 ఏళ్ల పండుగకు గుర్తుగా చేసిన 650 సీసీ బండ్లను 2021 డిసెంబరు 6న ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టింది. ప్రపంచమంతటికీ కలిపి చేసినవి 480. అందులో మన దేశం వాటా 120: అరవై ఇంటర్‌సెప్టర్లు, అరవై కాంటినెంటల్ జీటీలు. రెండు నిమిషాల్లో అన్నీ అమ్ముడైపోయాయి. వాటి ట్యాంకులకు నల్ల క్రోమ్ పూత వేసింది చెన్నై తిరువొత్తియూర్‌లో, ఆ కంపెనీకున్న అన్నిటికన్నా పాత ఫ్యాక్టరీలో. ట్యాంకు మీది ఇత్తడి బ్యాడ్జీని తమిళనాడులో తరతరాలుగా ఆలయ విగ్రహాలు పోతపోసే శిల్పుల కుటుంబం చేతితో చేసింది. ప్రతి బండికీ ఒక వరుస సంఖ్య ఉంది.

ఆ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారే వయసుకొచ్చాయి. విదేశంలో ఉద్యోగం వచ్చినవారో, పిల్లలు పుట్టి కారు అవసరమైనవారో వాటిని అమ్మకానికి పెడతారు. కొనేవాడు మామూలు ఇంటర్‌సెప్టర్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడే వస్తాడు. ఆ ఎక్కువంతా ట్యాంకు మీదున్న ఒక్క అంకెకే. అది నిజమైన అంకేనా కాదా అని చెప్పే ప్రభుత్వ కాగితం మాత్రం ఈ దేశంలో ఒక్కటీ లేదు. మీకు ఈ బహిరంగ లేఖ రాయడానికి కారణం అదే.

ఆర్‌సీలో ఏముంటుందో మీ శాఖకు వేరే చెప్పనక్కర్లేదు. తయారీదారు పేరు, మోడల్, తయారైన నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, సీసీ, రంగు, బరువు, ఇంధనం ఉంటాయి. మోడల్ అన్న చోట కంపెనీ పంపిన పేరే పడుతుంది. అందులో ఎడిషన్ పేరు కలిసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వరుస సంఖ్యకైతే అసలు గడే లేదు. అరవైలో ఏడోదైనా, యాభై మూడోదైనా, షోరూంలో ఎప్పుడంటే అప్పుడు దొరికే బండైనా ఆర్‌సీ దృష్టిలో ఒక్కటే.

ఈ చిక్కు నేకెడ్ బండ్ల దగ్గర మరీ ఎక్కువ. ముందు తొడుగు లేకుండా, ఇంజిన్, ఫ్రేము బయటికి కనిపించే బండిని నేకెడ్ అంటారు. 2012లో కేటీఎం డ్యూక్ 200, పల్సర్ ఎన్‌ఎస్ 200 వచ్చాక తెలుగు కుర్రాళ్లకు ఈ మాట బాగా అలవాటైంది. ఎన్‌ఎస్ అంటేనే నేకెడ్ స్పోర్ట్. ఇలాంటి బండికి లిమిటెడ్ ఎడిషన్ చేయాలంటే కంపెనీ చేతిలో ఉండేవి కొన్నే: ట్యాంకు రంగు, బ్యాడ్జీ, హ్యాండిల్ బిగించే పై ప్లేటు, అద్దాలు, సీటు, సైలెన్సర్. చాలాసార్లు ఛాసిస్, ఇంజిన్ మామూలు బండివే ఉంటాయి. అంటే ప్రత్యేకత అంతా నాలుగు బోల్టులు విప్పితే చేతికొచ్చే భాగాల్లోనే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ పెయింటింగ్ షెడ్డుకు వెళ్లినా, ఏ రేడియం వర్క్ దుకాణానికి వెళ్లినా చేయి తిరిగిన పనివాళ్లు దొరుకుతారు. వాళ్ల పనితనంలో తప్పేమీ లేదు. దాన్ని మోసానికి వాడుకోదలచినవాడికి అడ్డంగా నిలబడే కాగితం లేకపోవడమే ఇక్కడి తప్పు.

ఈ అంకె ట్యాంకుదా, ఛాసిస్‌దా? ఈ ప్రశ్నకు మన రికార్డుల్లో జవాబు దొరకదు. నిజమైన ఎడిషన్ బండి కిందపడి ట్యాంకు సొట్టపోయిందనుకోండి. మామూలు ట్యాంకు తెచ్చి బిగించాక యజమాని చేతిలో మిగిలేది ఏమిటి? ఛాసిస్ అదే, ఇంజిన్ అదే, చరిత్రా అదే. చూపించడానికి అంకె మాత్రం లేదు. ఇదే ఇంకోవైపు నుంచి చూడండి. ప్రమాదంలో నుజ్జయిన ఎడిషన్ బండి ట్యాంకును తుక్కులో కొని, బాగుచేయించి, మామూలు ఇంటర్‌సెప్టర్‌కు బిగించినవాడి దగ్గర చూపించడానికి అంకె ఉంది, వెనక చరిత్ర లేదు. రేపు రెండు బండ్లూ ఒకే అంకె చెప్పుకుంటూ అమ్మకానికి వస్తే రవాణా శాఖ అధికారి ఏ రిజిస్టరు తెరిచి చూడాలి? ఏ ఛాసిస్‌కు ఏ అంకె వేసిందో కంపెనీ దగ్గర ఉంటుంది. కొనేవాడికి దాన్ని చూపించాలన్న నిబంధన లేదు.

ఇది ఒక్క బండి గొడవ కాదు. 2018లో ఇదే కంపెనీ క్లాసిక్ 500 పెగాసస్ అనే బండి తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్లతో దించిన ఫ్లయింగ్ ఫ్లీ అనే చిన్న బండికి గుర్తుగా ప్రపంచమంతటికీ వెయ్యి చేసి, భారత్‌కు 250 ఇచ్చింది. 178 సెకన్లలో అమ్ముడయ్యాయి. ట్యాంకు మీద వాటికీ వరుస సంఖ్య ఉంది. విదేశాల్లో గోధుమ రంగు, ఆలివ్ ఆకుపచ్చ రెండూ దొరికాయి. ఇక్కడ గోధుమ రంగు మాత్రమే ఇచ్చారు. ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరెవరికీ వేయకూడదని మన మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి. అంటే భారత రిజిస్ట్రేషన్‌తో ఆకుపచ్చ పెగాసస్ ఎవరైనా చూపిస్తే, అది తర్వాత రంగు వేసిందని చూసిన వెంటనే చెప్పవచ్చు. ఆర్‌సీలో రంగుకు గడి ఉండబట్టే ఆ మోసం పట్టుబడుతుంది. ఎడిషన్‌కూ అలాంటి గడి ఒకటుంటే ఎంత మేలో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

జావా కంపెనీ 2019లో తన 90 ఏళ్లకు గుర్తుగా 1929 నాటి జావా 500 రూపురేఖలతో సరిగ్గా 90 బండ్లు చేసింది. ఎవరికి దక్కాలో లాటరీ తీశారు. ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర 1.73 లక్షలు, అంటే మామూలు జావా ధరే. లిమిటెడ్ ఎడిషన్ అనగానే కోటీశ్వరుల సరదా అనుకునేవారు ఈ ధర గమనించాలి. పెగాసస్ కూడా రెండున్నర లక్షల లోపు బండే. వీటిని కొన్నవాళ్లలో, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నవాళ్లలో జీతం నుంచి నెలనెలా కొంత పక్కన పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల డబ్బుకు రక్షణ కల్పించడం చిన్న విషయం కాదు.

పై మెట్టు బండ్ల సంగతి చూస్తే, ఎంవీ అగుస్టా బ్రుటాలే 800 ఆర్ఆర్ అమెరికా ప్రపంచం మొత్తం మీద 200. అందులో భారత్‌కు అయిదు. బీఎండబ్ల్యూ తన బైకుల తయారీకి నూరేళ్లు నిండిన సందర్భంగా తెచ్చిన ఆర్ నైన్‌టీ 100 ఇయర్స్ 1,923. ఇక్కడ 2023లో 24 లక్షల ధరతో విడుదలైంది. ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ 765 మోటో2 ఎడిషన్ రెండు రంగుల్లో, రంగుకు 765 చొప్పున చేశారు. దాని వరుస సంఖ్య ఫోర్కు పై ప్లేటు మీద ఉంటుంది. ఆ ప్లేటు కూడా విప్పి తీయగల భాగమే.

విప్పలేనిది ఒక్కటే, ఛాసిస్ నంబరు. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద కొట్టిన 17 అక్షరాలు, అంకెలు. చదవడం తెలిసినవాడికి అది చాలా చెబుతుంది. ఎంఈ3 అని మొదలైతే రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎండీ2 అయితే బజాజ్, జెడ్‌డీఎం అయితే ఇటలీ డుకాటీ, ఎస్‌ఎంటీ అయితే బ్రిటన్ ట్రయంఫ్. మోడల్ సంవత్సరం కూడా అందులోనే దొరుకుతుంది. ఇంత చెప్పే నంబరు, ఎడిషన్‌లో ఎన్నో బండి అన్నది మాత్రం చెప్పదు. కాబట్టి ఆ రెంటినీ ఒక చోట కలిపి రాసే కాగితం కావాలి.

ఇప్పుడు కొనేవాడు పడే తిరుగుడు సంగతి. హైదరాబాద్‌లో ఉండే యువకుడికి బెంగళూరులో అలాంటి బండి కనిపించిందనుకుందాం. అరవై మాత్రమే ఉన్న బండి సొంత ఊళ్లో దొరకాలని పట్టుబడితే కుదరదు, పక్క రాష్ట్రాలు చూడాల్సిందే. అమ్మేవాడు ఎన్‌వోసీ తీయాలి. బండి మీద లోను ఉంటే బ్యాంకు క్లియరెన్స్ తేవాలి. మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో అమ్మినవాడు తెలియజేయాలి. కొన్నవాడికి 30 రోజుల గడువు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన దాంట్లో మిగిలింది వెనక్కి రాబట్టుకోవడానికి మళ్లీ అక్కడి ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇదంతా తెలిసి కూడా ఇష్టంకొద్దీ చేస్తారు. చేసేటప్పుడు వారికి కావలసిన ఒకే ఒక్క భరోసా, కొంటున్నది నిజంగా ఆ బండేనా అన్నది. అది మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకదు.

పొలం కొనేవాడు ముందు ఈసీ తీయించుకుంటాడు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో, ఎక్కడ తాకట్టు ఉందో చూసుకున్నాకే బయానా ఇస్తాడు. వాహనానికి అలాంటి చరిత్ర చూపడానికి మీ శాఖ నిర్మించిన వాహన్ డేటాబేస్ ఉంది. అది చాలా పెద్ద పని, అందుకు మెచ్చుకోవాలి. తెలంగాణ చాలా ఏళ్లు అందులో చేరకుండా సొంత వ్యవస్థతోనే నడిచింది. నెలనెలా దేశవ్యాప్త వాహన అమ్మకాల లెక్కలు వచ్చినప్పుడల్లా తెలంగాణ మినహా అని రాయాల్సి వచ్చేది. రాష్ట్రాలన్నీ ఒకే రికార్డులోకి వస్తేనే బెంగళూరు బండి గురించి హైదరాబాద్ వాసికి పూర్తి సమాచారం దొరుకుతుంది. ఎడిషన్ గడి చేర్చేటప్పుడు ఈ కలయికను కూడా పూర్తి చేయించాలి.

పేరు మార్పిడి ఆలస్యమైతే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. వాహనం ఎన్ని చేతులు మారినా రిజిస్టర్‌లో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని, ప్రమాదానికి పరిహారం భారం అతడిదే. ఆ తర్వాత మీ శాఖ 2022 డిసెంబరులో పాత వాహనాల డీలర్లకు అధికార పత్రం తప్పనిసరి చేస్తూ నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. డీలర్‌కు బండి అప్పగించగానే ఆ సంగతి నమోదవుతుంది, ఆ తర్వాత యజమాని బాధ్యత డీలర్‌ది. అమ్మినవాడికి ఇది నిజంగా పెద్ద ఊరట. బండి ఎవరిదో ఆ నిబంధనలు తేల్చాయి. బండి ఏమిటో తేల్చే పని మిగిలింది.

నిజాయితీపరుడైన యజమానికీ ఈ గడి అవసరమే. చట్టంలోని 52వ సెక్షన్ ఏమంటుంది? తయారీదారు మొదట చెప్పిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా నిలబెట్టింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మంచి చట్టమే. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లను మన పోలీసులు రోడ్డు రోలర్ల కింద తొక్కిస్తుంటే మెచ్చుకోవలసిందే. అయితే ఆ 120 బండ్ల విషయం చూడండి. హ్యాండిల్ చివర అద్దాలు, చిన్న ఫ్లైస్క్రీన్, నల్ల సైలెన్సర్ కంపెనీయే బిగించి ఇచ్చింది. ఆపిన అధికారి చేతిలోని ఆర్‌సీ ఇది మామూలు ఇంటర్‌సెప్టర్ అంటోంది. ఏది కంపెనీ ఫిట్టింగ్, ఏది బయట బిగించింది అని అతడు దేనితో పోల్చి చూడాలి? తయారీదారు మొదట చెప్పిన వివరమే రికార్డులో లేనప్పుడు చట్టం దేన్ని కొలబద్దగా పెట్టుకుంటుంది?

బీమా సంగతి కూడా చూడాలి. బీమా మీ శాఖ పరిధి కాదని తెలుసు, కానీ దానికి ఆధారమయ్యే రికార్డు మీ దగ్గరే పుడుతుంది. బండి దొంగతనానికి పోతే బీమా కంపెనీ ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ. తయారీదారు ధర నుంచి వయసును బట్టి తరుగుదల తీసేస్తారు. రెండేళ్లు దాటి మూడేళ్లలోపు బండికి 30 శాతం, నాలుగేళ్లు దాటి అయిదేళ్లలోపు బండికి 50 శాతం. అరుదైన బండి ధర మార్కెట్‌లో నిలబడినా, పెరిగినా పట్టిక ప్రకారం సగానికి పడిపోతుంది. ఎక్కువ విలువకు ఒప్పించాలంటే యజమాని చేతిలో ప్రభుత్వ ముద్ర ఉన్న రుజువు ఉండాలి. ఇప్పుడు అతడు చూపగలిగింది ట్యాంకు ఫొటో మాత్రమే.

మీటరు గురించి ఒక్క మాట. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన వాహనానికి ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో తిరిగిన మైళ్లు రాస్తారు. 2005 నుంచి ఉన్న ఆ అంకెలను ఇంట్లో కూర్చుని ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అక్కడ మీటరు వెనక్కి తిప్పితే పాత అంకె పట్టిస్తుంది. మన ఆర్‌సీలో ఆ అంకె లేదు. సింగిల్ హ్యాండ్, షోరూం కండిషన్, ఆరు వేలే తిరిగింది అంటే నమ్మాలి, లేదా సర్వీస్ బిల్లులు అడగాలి. పేరు మార్పిడి అయిన ప్రతిసారీ మీటరు అంకెను వాహన్‌లో రాయిస్తే ఈ బెడద చాలావరకు పోతుంది. ఇది ఎడిషన్ బండ్లకే కాదు, దేశంలోని ప్రతి సెకండ్ హ్యాండ్ బండికీ పనికొచ్చే మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బైకులపై జీఎస్టీ 40 శాతమైంది. కొత్తది అందనివాళ్లు పాతదాని వైపు చూడటం సహజం. వాళ్లకు సరైన సమాచారం ఇవ్వడం మరింత అవసరం.

పాత బండ్లకు విలువనివ్వడం మీ శాఖకు కొత్త కాదు. 2021 జూలైలో మీరే వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చారు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనానికి వీఏ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. రుసుము 20,000 రూపాయలు. అసలు రూపం అన్న షరతు చాలా సరైనది. 2021లో కొన్న ఈ ఇంటర్‌సెప్టర్లు 2071లో ఆ గౌరవానికి అర్హత పొందుతాయి. అప్పటి అధికారి ముందు ఒక నల్ల ట్యాంకు బండి నిలబడి ఉంటుంది. దాని అసలు రూపం ఏమిటో తెలుసుకోవడానికి అతడికి కావలసిన వివరం ఇప్పుడు, ఇంకా తయారీదారు దగ్గర పుస్తకాలు భద్రంగా ఉండగానే నమోదు కావాలి. కంపెనీలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. డ్యూక్ బండ్ల కేటీఎం అంతటిది కూడా 2024 నవంబరులో ఆస్ట్రియాలో దివాలా ప్రక్రియకు వెళ్లింది.

పరిష్కారానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి కొత్త బండికీ తయారీదారు ఫారం 22 ఇస్తున్నాడు. అందులో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, పొగ, శబ్దం వివరాలు ఉన్నాయి. వాటి కింద ఎడిషన్ పేరు, వరుస సంఖ్య, మొత్తం ఎన్ని అన్న ఒక్క వరుస చేర్చితే చాలు. అదే వివరం వాహన్‌లోకి, అక్కడి నుంచి ఆర్‌సీలోకి వెళ్తుంది. ఇప్పటికే అమ్ముడైన పెగాసస్‌లు, జావాలు, 120వ వార్షికోత్సవ బండ్లు, దిగుమతి బండ్లు కలిపినా పెద్ద సంఖ్య కాదు. ఛాసిస్ నంబర్ల జాబితా పంపమని కంపెనీలను అడిగితే పాత బండ్ల వివరాలూ చేర్చవచ్చు. ట్యాంకు మారినా, ప్లేటు మారినా అంకె ఛాసిస్‌తోనే ఉంటుంది. కొనేవాడు ఫోన్‌లో చూసుకుని బేరమాడతాడు.

ఆ వరుస చేరేలోగా కొనేవాళ్లకు ఈ లేఖ ద్వారా ఒక విన్నపం. బయానా ఇవ్వకముందే ఛాసిస్ నంబరును స్వయంగా చదివి, ఆర్‌సీతో పోల్చి, మొదటి ఇన్‌వాయిస్ చూపించమని అడగండి. ఎడిషన్ అంకె ఏ ఛాసిస్‌దో చెప్పమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా ఎక్కువ ధర ఒప్పుకోవద్దు. పేరు మార్పిడి, బీమా మార్పిడి చట్టం చెప్పిన గడువులోనే చేయించుకోండి.

మంత్రి గారూ, మీరు తలచుకుంటే మీ శాఖ ఒక నోటిఫికేషన్‌తో చేయగల పని ఇది. ఫారం 22లో ఎడిషన్ వరుసను, పేరు మార్పిడిలో మీటరు అంకెను చేర్పిస్తూ ముసాయిదా విడుదల చేసి, ప్రజాభిప్రాయం కోరవలసిందిగా విజ్ఞప్తి.